టీయూ-142 విమాన మ్యూజియం గురించి కమిషనర్ గారికి బహిరంగ లేఖ

విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ కమిషనర్ గారికి నమస్కారం.

భారత నౌకాదళంలో 1988 నుంచి 29 ఏళ్లు సేవలందించి, 2017 మార్చిలో అరక్కోణంలో విరమణ పొందిన టీయూ-142 విమానాల్లో ఒకటి, అదే ఏడాది డిసెంబరులో మన బీచ్ రోడ్డులో మ్యూజియంగా మారింది. జలాంతర్గాములను వేటాడేందుకు పుట్టిన ఈ విమానం ఇప్పుడు కురుసుర జలాంతర్గామికి ఎదురుగా నిలబడి ఉండటం నాకెప్పుడూ ముచ్చటగానే అనిపిస్తుంది.

అయితే సముద్రపు ఉప్పుగాలి అల్యూమినియం రేకులను తరచూ రివెట్ల అంచుల దగ్గరే తినడం మొదలుపెడుతుంది. పైన రంగు నిగనిగలాడుతున్నా దాని కింద తెల్లటి పొడి చేరుతూనే ఉంటుంది. కాబట్టి ఏటా లోహ నిపుణులతో తనిఖీ చేయించి, ఆ నివేదికను ప్రజల ముందుంచాలని కోరుతున్నాను.

ఇంకొక మనవి. నాలుగు ఇంజన్లకూ ఎదురెదురు దిశల్లో తిరిగే జంట ప్రొపెల్లర్లు ఎందుకున్నాయో, నీటిలోకి జారవిడిచిన సోనోబాయ్ జలాంతర్గామి చప్పుడును పసిగట్టి రేడియో ద్వారా విమానానికి ఎలా చేరవేస్తుందో అందరికన్నా బాగా చెప్పగలిగినవారు, దాన్ని నడిపిన, మరమ్మతు చేసిన విశ్రాంత సిబ్బందే. వారి అనుభవాలను వారి గొంతుతోనే రికార్డు చేయించి, బడి పిల్లలకు తెలుగులో వినిపించండి. తొలితరం వారికి ఇప్పటికే వయసు మీదపడింది కనుక, ఈ పనిని ఈ ఏడాదే మొదలుపెట్టిస్తారని ఆశిస్తున్నాను.

ఇట్లు,
విశాఖ వాసి ఒకరు