డిశ్చార్జి తర్వాతి ముప్పును ఎవరు లెక్కగడతారు?

సంపాదకులకు నమస్కారం.

మా చెల్లెకు గుండెలో వాల్వు మార్చి ఏడాదిన్నర అయింది. ఆరోగ్యశ్రీ కింద హైదరాబాద్‌లో చేశారు. మా చేతి నుంచి పైసా పడలేదు. ఆ డాక్టర్లకు మేం ఎప్పటికీ రుణపడి ఉంటాం. నేను రాస్తున్నది ఆ తర్వాతి సంగతి.

ఆపరేషన్‌కు ముందురోజు డాక్టర్ గారు మమ్మల్ని కూర్చోబెట్టి యూరోస్కోర్ అనే లెక్క చూపించారు. వయసు, కిడ్నీల పనితీరు, గుండె కొట్టుకునే బలం, ఊపిరితిత్తుల్లో ప్రెషర్, అంతకుముందు గుండె ఆపరేషన్ అయిందా లేదా, ఇవన్నీ వేస్తే ప్రాణాపాయం నూటికి ఎంతో తేలుతుంది. చెల్లెకు తక్కువే వచ్చింది. ధైర్యంగా సంతకం పెట్టాం. ఆ లెక్క ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లకేనని, ఇంటికొచ్చాక ఎదురయ్యే గండాలు అందులో లేవని మాకు తర్వాత తెలిసొచ్చింది.

ఆమెది మెటల్ వాల్వు. రాత్రి ఇల్లు సద్దుమణిగితే పక్కన పడుకున్నవాళ్లకు గడియారంలా టిక్ టిక్ వినిపిస్తుంది. దాని మీద రక్తం గడ్డకట్టకుండా బతికున్నంతకాలం ఎసిట్రామ్ అనే గోలీ వేసుకోవాలి. మోతాదు సరిపోయిందో లేదో, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్షే చెప్పాలి. గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు తీసి మెటల్‌ది పెట్టినవాళ్లకు అది 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. తగ్గితే గడ్డకట్టి పక్షవాతం రావచ్చు, పెరిగితే లోపలే రక్తం కారవచ్చు.

పోయిన పత్తి సీజన్‌లో కూలి పోతుందని చెల్లె రెండు నెలలు పరీక్షకు వెళ్లలేదు. దేవరకొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైనే. పొద్దున మొదటి బస్సుకు పోతే రాత్రికి ఇల్లు చేరడం. ఆమెకు తోడుగా ఇంకొకరు పోవాలి కాబట్టి ఇద్దరి కూలి పోతుంది. ఈలోపు నడుము నొప్పి అంటే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించుకుని, మూడు రోజులు గోలీలు మింగింది. నాలుగో రోజు పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు. సూది వేసినచోట అరచేయంత మేర నల్లగా కమిలింది. హైదరాబాద్ తీసుకుపోయేసరికి ఐఎన్ఆర్ 7 దాటింది. దేవుడి దయవల్ల బతికింది. ఎసిట్రామ్ వేసుకునేవాళ్లకు నొప్పి గోలీలు, కండకు సూదులు ప్రమాదమని మాకు ముందు ఎవరూ గట్టిగా చెప్పలేదు.

యూరోస్కోర్ ఇప్పటి రూపానికి ఆధారం 2010లో, ఎక్కువగా యూరప్ ఆసుపత్రుల్లో తీసుకున్న వివరాలు. ఆ రోగుల సగటు వయసు 64 పైనే. మన దగ్గర చిన్నప్పుడు గొంతు నొప్పితో మొదలై, కీళ్ల జ్వరంగా మారి, పాతిక ముప్పై ఏళ్లకే వాల్వులు పాడైనవాళ్లు ఎందరో. వాళ్లు చేను పనికి పోవాలి, పిల్లల్ని కనాలి. గర్భం వస్తే ఈ మందుతో కడుపులో బిడ్డకే ముప్పు. ఇవేవీ ఆ లెక్కలో లేవు.

ఆరోగ్యశ్రీలో జరిగిన ప్రతి వాల్వు ఆపరేషన్ వివరం ప్రభుత్వం దగ్గరే ఉంది. ఆ తర్వాతి ఐఎన్ఆర్ రీడింగులు, ఎన్నిసార్లు పరీక్ష తప్పింది, గుండె లయ తప్పుతోందా, ఊరు ఎంత దూరం, ఇవన్నీ కలిపి నిమ్స్, ఉస్మానియా లాంటి పెద్దాసుపత్రుల డాక్టర్లు మనవాళ్లకు సరిపోయే లెక్క ఒకటి తయారుచేయలేరా? ఎవరికి ముప్పు ఎక్కువో డిశ్చార్జి నాడే తేల్చి, ఆ కాగితం ఊరి పీహెచ్‌సీకి, ఏఎన్ఎంకు పంపితే చాలామంది దక్కుతారు.

అంతవరకు ఆగకుండా చేయగలిగింది ఒకటుంది. ఈ పరీక్షకు కావలసింది నీలం మూత గొట్టంలో కొంచెం రక్తం. అది ఒక రోజు నిలవ ఉంటుంది. పీహెచ్‌సీలో తీసి నల్లగొండలోని ప్రభుత్వ ల్యాబ్ తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కు పంపి, రిజల్టు ఫోన్‌కు పంపిస్తే చాలు. మా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగితే ఆ పరీక్ష ఇక్కడ లేదన్నారు. జిల్లా వైద్యాధికారులు దీన్ని వెంటనే పట్టించుకోవాలని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను. చెల్లెకు మళ్లీ పరీక్ష వచ్చే సోమవారం ఉంది.

— ఒక పాఠకుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా