శిక్షణ గ్రాంట్లకు మార్చి 31 గండం

సంపాదకులకు నమస్కారం.

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో యువతకు, మహిళలకు ఉపాధి శిక్షణ కోసం కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) నిధులు, దాతల ఫౌండేషన్ల గ్రాంట్లు వస్తున్నాయి. బ్యాచ్ ముగిసిన రోజు సర్టిఫికెట్లు పట్టుకుని ఫొటోలు దిగుతారు. ఆరు నెలలు తిరిగాక ఎందరు కొలువులో నిలిచారని అడిగేవారు తక్కువ. తప్పు నేర్చుకునేవాళ్లది కాదు, పైసలు విడుదలయ్యే తీరుది. దాన్ని మార్చుకునే వీలు చట్టంలోనే ఉంది.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కదాన్ని చేరిన కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. తాను నడిచే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. పోలేపల్లి, చౌటుప్పల్, మఠంపల్లి చుట్టూ మందుల, సిమెంటు పరిశ్రమలున్న మన ప్రాంతానికి ఇది పెద్ద అండ.

చిక్కంతా తేదీలతోనే. జనవరి, ఫిబ్రవరిలో చెక్కు చేతికొస్తే ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31లోగా ఖర్చు చూపమంటారు. మూడు నెలల కోర్సు 45 రోజులకు కుదించుకుపోతుంది. మన పల్లెల పనుల వరస చూడండి. జూన్‌లో విత్తనాలు, తర్వాత నాట్లు, కలుపులు, దసరా నుంచి సంక్రాంతి దాకా పత్తి ఏరుడు. ఆ రోజుల్లో కూలి వదులుకుని ఏ మహిళా తరగతికి రాలేదు, రమ్మనడం న్యాయమూ కాదు. మెట్ట పల్లెల్లో కాస్త తీరిక దొరికేది ఫిబ్రవరి నుంచి మే దాకానే. ఆర్థిక సంవత్సరం సరిగ్గా ఆ తీరిక నడుమనే తెగుతోంది.

కంపెనీ బోర్డు ముందుగానే ఈ శిక్షణను 'కొనసాగుతున్న ప్రాజెక్టు'గా తీర్మానిస్తే ఈ గండం తప్పుతుంది. మిగిలిన సొమ్మును ఏడాది ముగిసిన 30 రోజుల్లోగా ప్రత్యేక బ్యాంకు ఖాతాకు మార్చి, ఆ తర్వాత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఖర్చు పెట్టుకోవచ్చు. అలా తీర్మానించని పనుల్లో మిగిలినదాన్ని మాత్రం ఆరు నెలల్లో చట్టం పేర్కొన్న నిధికి జమ చేయాలి. అందుకే ఆ హడావుడి. కాబట్టి శిక్షణ సంస్థలు ప్రపోజల్‌లోనే మూడు నెలల శిక్షణ, కొలువులో చేరాక ఆరు నెలల బాగోగులు కలిపి కాలపట్టిక రాయాలి. మరో పొరపాటు కూడా తరచుగా జరుగుతోంది. పాలనా ఖర్చు 5 శాతం దాటొద్దన్న నిబంధన కంపెనీ సొంత సీఎస్‌ఆర్ విభాగం ఖర్చుకు సంబంధించినది. దాన్ని చూపించి శిక్షకుల జీతాలకు కోత పెట్టడం సరికాదు.

ఇక నేర్పే తీరు. కుట్టు శిక్షణ అని చాలాచోట్ల కాలి మిషన్ల మీద నేర్పి గార్మెంట్ యూనిట్లకు పంపుతున్నారు. అక్కడ ఉండేది పవర్ మిషన్. పెడల్ మీద పాదం కాస్త బరువు వేస్తే నిమిషానికి నాలుగు వేల కుట్లకు పైగా పరుగెత్తుతుంది. కాలి మిషన్‌కు అలవాటైన చేయి ఆ వేగానికి బట్టను తిప్పలేదు. కుట్టు వంకర పోతుంది, సూది విరుగుతుంది, ఒక్కోసారి వేలిలో దిగుతుంది. టార్గెట్ అందక సూపర్‌వైజర్ అరిస్తే పది రోజుల్లో ఊరికి తిరిగొస్తారు. 30 మంది బ్యాచ్‌కు కనీసం 15 పవర్ మిషన్లు, బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్లు రెండు కావాలి. మొదటి వారం దారం ఎక్కించకుండా, గీతలు గీసిన కాగితం మీద ఉత్త సూది నడిపించాలి. వంపు దగ్గర గీత తప్పకుండా ఆపడం వచ్చాకే బట్ట ఇవ్వాలి. గ్రాంటు ఇచ్చేవాళ్లు మిషన్ల సంఖ్య కాదు, ఏ రకం మిషన్లో చూడాలి.

అన్నిటికన్నా ఎక్కువ మంది జారిపోయేది తొలి జీతం దగ్గర. ఈ నెల 5న చేరితే జీతం పడేది వచ్చే నెల 7 నుంచి 10 మధ్య. అంటే దాదాపు 35 రోజులు. ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు చార్జీ లేదు కాబట్టి ప్రయాణం భారం తగ్గింది. కానీ హాస్టల్ అడ్వాన్సు, తిండి, వంట సామాను, చంటిబిడ్డ ఉంటే చూసుకునే మనిషి, ఇవన్నీ ఎవరు భరిస్తారు? మనిషికి ఎనిమిది నుంచి పది వేలు గ్రాంటులోనే పెట్టి, సగం చేరిన రోజు, సగం పదిహేను రోజులకు ఖాతాలో వేయాలి.

అది లేకపోతే డైలీ ఫైనాన్సే దిక్కు. పది వేలు రాసుకుని 8,500 చేతిలో పెడతారు, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. చూడటానికి 1,500 వడ్డీయే. కానీ మొదటి రోజు నుంచే అసలు తీరుతూ వస్తుంది కాబట్టి ఏడాది లెక్కన నూటికి 120 దాకా పడుతుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతమని కూడా చాలామందికి ఎవరూ చెప్పలేదు. శిక్షణలో రెండు రోజులు ఈ లెక్కలకే కేటాయించాలి, పలక మీద వాళ్ల చేతే వేయించాలి.

ఖాతాల సంగతి చేరిన మొదటి వారంలోనే తేల్చుకోవాలి. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతా స్తంభించిపోతుంది, మళ్లీ కేవైసీ ఇవ్వాలి. ఆధార్ ఆధారంగా వేసే స్టైపెండ్ చివరిసారి ఆధార్ అనుసంధానం చేసిన ఖాతాలోకి పోతుంది, అది ఏదో మనిషికే గుర్తుండదు. పెళ్లయిన మహిళలకు పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది ఉంటే పీఎఫ్ నమోదు దగ్గర పని ఆగుతుంది. ఇవి సరిచేయడానికి వారాలు పడతాయి.

విడతల విషయంలో మా సూచన: ప్రారంభంలో 40 శాతం, శిక్షణ సగంలో 30, కొలువులో మూడు నెలలు నిండాక 20, ఆరు నెలలకు 10. ఆఫర్ లెటర్ కాదు, బ్యాంకు పాస్‌బుక్‌లో జీతం పడిన ఎంట్రీ చూసి ఇవ్వాలి. ఇందులోనూ ఒక ప్రమాదం ఉంది. చివరి విడత కోసం సంస్థలు సులువుగా కొలువు దొరికేవాళ్లనే ఏరుకుంటాయి. ఒంటరి మహిళలు, దివ్యాంగులు, వలసపోయి వచ్చిన కుటుంబాల పిల్లలు బయటే మిగులుతారు. వారికి సీట్ల వాటా ఒప్పందంలోనే రాయాలి, వారి కోసం శిక్షణ కాలం, ఖర్చు రెండూ పెంచాలి.

వచ్చే ఏడాది సీఎస్‌ఆర్ కార్యాచరణ ప్రణాళికకు బోర్డుల ఆమోదం పడకముందే జిల్లా కలెక్టర్లు కంపెనీలను, శిక్షణ సంస్థలను, మహిళా సమాఖ్యలను ఒకచోట కూర్చోబెట్టి, బ్యాచ్‌లు ఫిబ్రవరిలో మొదలయ్యేలా తేదీలు ఖరారు చేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
ఉపాధి శిక్షణ రంగంలో పనిచేస్తున్న కొందరం,
నల్లగొండ, మహబూబ్‌నగర్