బీపీ నార్మల్ అంటే సేఫ్ అని కాదు
ఎడిటర్ గారికి నమస్తే,
యాక్సిడెంట్ కేసుల్లో బీపీ నార్మలే అనగానే అందరం హమ్మయ్య అనుకుంటాం, కానీ లోపల బ్లీడింగ్ అవుతున్నా దాదాపు 30 శాతం రక్తం పోయేదాకా బీపీ పెద్దగా పడదట, రక్తనాళాలు బిగుసుకుని గుండె స్పీడ్ పెంచి ఒళ్లు ఎలాగోలా నెట్టుకొస్తుంది. టెక్సస్‌లో అమెరికా ఆర్మీ రీసెర్చ్ వాళ్లు వాలంటీర్లని నడుం దాకా చాంబర్‌లో పెట్టి గాలి లాగేశారు, రక్తం కాళ్లలోకి దిగి, చుక్క కారకుండానే బ్లీడింగ్ అయినట్టు ఉంటుంది, అప్పుడు పల్స్ వేవ్, అంటే గుండె కొట్టుకున్నప్పుడల్లా మానిటర్ మీద లేచే అల, దాని షేప్ మారే తీరు చూసి ఇంకా ఎంత తట్టుకోగలరో కంప్యూటర్ చెప్పేలా చేశారు.

అంత లేకపోయినా పల్స్‌ని పై బీపీతో భాగిస్తే చాలు. రెండూ 110 ఉంటే విడిగా చూస్తే భయమేం వెయ్యదు, కానీ లెక్క 1 వస్తుంది, 0.9 దాటగానే డౌట్ పడాలి. బాలింతలకి వాడే క్రేడిల్ అనే బీపీ మెషీన్ ఇదే లెక్కతో పసుపు, ఎరుపు లైట్లు వేస్తుంది. మన 108 వెహికల్స్‌లో మానిటర్ మీద ఈ ఒక్క నంబర్ కూడా కనబడేలా పెట్టించండి సార్, ఖర్చు కూడా పెద్దగా ఉండదు.
- ఒక పాఠకుడు, ఖమ్మం