‘వెలుగుతోంది కదమ్మా!’ – ఆరోగ్య మంత్రిగారికి ఒక థియేటర్ నర్సు లేఖ

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

మా ఆపరేషన్ థియేటర్‌లోని క్రిముల్ని చంపే యూవీ (అతినీలలోహిత) దీపం మిషన్ గురించి ఇది నాలుగో ఉత్తరం. మొదటి రెండింటికీ ఉలుకూ పలుకూ లేదు. మూడోదానికి ఫోన్ వచ్చింది: ‘వెలుగుతోంది కదమ్మా, ఇంకేం కావాలి?’

వెలుగుతోందండీ. ప్రారంభోత్సవం రోజు ఫొటోల్లో ఎంత నీలంగా ఉందో ఇప్పటికీ అంతే నీలంగా ఉంది. క్రిముల్ని చంపేది ఆ నీలం కాదని చెప్పడానికే నా ఈ తిప్పలు. చంపేది 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కిరణం, అది కంటికి కనపడదు. ట్యూబు పాతబడేకొద్దీ కిరణం సన్నగిల్లుతుంది, నీలం మాత్రం మిగులుతుంది. దుమ్ము పట్టినా అంతే. కొలిచే మీటరు కావాలని ఇండెంట్ పెడితే ‘లిస్టులో లేదు’ అని వెనక్కి కొట్టారు.

2020లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో వాళ్లు తయారుచేసిన యూవీ బ్లాస్టర్‌కి 43 వాట్ల ట్యూబులు ఆరు. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న గదికి పది నిమిషాలు చాలన్నారు. మాది ఒంటి ట్యూబు, గది అంతకంటే పెద్దది. అయినా సిజేరియన్‌కీ సిజేరియన్‌కీ మధ్య మాకిచ్చేదీ ఆ పది నిమిషాలే! టేబుల్ కింద నీడ పడ్డచోట కిరణమే తగలదు. అక్కడ చేత్తో తుడవాల్సిందే, తుడవడానికి వాడే హైపో, అంటే క్లోరిన్ మందునీళ్లు, ఇరవయ్యో తారీఖుకే అయిపోతుంది.

మనిషి అడుగుపెడితే ఆగిపోవాల్సిన సెన్సారు పాడై ఏడాది దాటింది. తలుపుకి నేనే అట్టముక్క కట్టి ‘లోపల యూవీ, రావద్దు’ అని స్కెచ్ పెన్నుతో రాశాను. మా శానిటేషన్ అక్కకి చదువు రాదని నాకు తట్టలేదు, ఆ తప్పు నాదే. మాప్ కర్ర కోసం లోపలికెళ్లి, బకెట్టు కూడా సర్ది వచ్చింది. అర్ధరాత్రి ఫోన్: ‘సిస్టరమ్మా, కళ్లలో ఇసక పోసినట్టుంది, రెప్ప ఎత్తలేకపోతున్నా.’ రెండు రోజులు తడిగుడ్డ వేసుకుని పడుకుంది. కాంట్రాక్టరు ఆ రెండు రోజుల జీతమూ కోశాడు.

కళ్లు మండాయంటే మిషన్ బాగున్నట్టేగా అని ఎవరైనా మీకు ఫైల్లో రాసిస్తారేమో. కంటిపొరకి కొంచెం చాలు సార్. మొండి స్పోర్లు, అంటే గట్టి పొర కప్పుకున్న క్రిములు, ఆ కొంచానికి చావవు.

ట్యూబు మార్పించండి, సెన్సారు బాగుచేయించండి, హైపో ఇప్పించండి. ఆవిడ రెండు రోజుల జీతం కూడా. లాగ్ బుక్కులో ‘యూవీ చేయబడినది’ అని రోజూ సంతకం పెట్టేది నేనే. రేపు ఏ బాలింతకైనా కుట్లు చీము పడితే ముందు తెరిచేది ఆ పుస్తకమే కదా!

ఇట్లు,
ఏరియా ఆసుపత్రి స్టాఫ్ నర్సు