చివరి పది సెకన్ల నలుపును మింగేస్తున్న మీ ప్లేయర్‌పై ఫిర్యాదు

గౌరవనీయులైన కస్టమర్ సేవా విభాగం ముఖ్య అధికారి గారికి,

విషయం: ‘ది సొప్రానోస్’ ఆఖరి ఎపిసోడ్ పూర్తికాకముందే మీ ప్లేయర్ దాన్ని మూసివేస్తుండటం గురించి.

అయ్యా,

మీ స్ట్రీమింగ్ సేవకు నేను చాలాకాలంగా చందాదారును. ‘ది సొప్రానోస్’ ఆఖరి ఎపిసోడ్‌ను మీ యాప్‌లో చూసేవారికి దాని ముగింపు అందడం లేదు. తెర నల్లబడిన మరుక్షణమే మీ ప్లేయర్ కథ అయిపోయిందని తనంతట తానే తీర్మానించుకుని, ఆ నల్లటి తెరను ఒక మూలకు చిన్న పెట్టెలా కుదించి, మిగిలిన స్థలమంతా మరో కార్యక్రమం ట్రైలర్‌ను పెద్ద శబ్దంతో నడుపుతోంది. ఇది సాంకేతికంగా చిన్న లోపంలా కనిపించవచ్చు గానీ, ఈ ఒక్క ఎపిసోడ్ విషయంలో మాత్రం అది కథలో ఒక భాగాన్నే తీసివేస్తోందని మీకు వివరంగా తెలియజేయడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఈ ధారావాహిక అమెరికాలో హెచ్‌బీఓ ఛానల్‌లో 1999 జనవరిలో మొదలై 6 సీజన్లు, 86 ఎపిసోడ్ల పాటు సాగి, 2007 జూన్ 10న ముగిసింది. సృష్టికర్త డేవిడ్ చేజ్ మొట్టమొదటి ఎపిసోడ్‌ తర్వాత మళ్లీ దర్శకత్వం వహించింది ఈ ఆఖరి ఎపిసోడ్‌కే. రచన కూడా ఆయనదే. ఆ రచనకు ఆ ఏడాది టీవీ రంగపు ఎమ్మీ పురస్కారం వచ్చింది. న్యూజెర్సీ మాఫియా నాయకుడు టోనీ సొప్రానోగా నటించిన జేమ్స్ గాండొల్ఫిని 2013లో మరణించారు. ముగింపులో టోనీ బతికాడా, చనిపోయాడా అన్న వాదన మాత్రం ఆయన తర్వాత కూడా ఆగలేదు. మా ఇంట్లోనే ఈ విషయంలో రెండు వర్గాలున్నాయి. చనిపోయాడనే వర్గం నాది.

ఆ చివరి సన్నివేశాన్ని మీ సంస్థలో ఎపిసోడ్ చివర పేర్లు (క్రెడిట్లు) ఎక్కడ మొదలవుతాయో గుర్తులు పెట్టే విభాగం వారు ఒకసారి శ్రద్ధగా చూడాలని కోరుతున్నాను. బ్లూమ్‌ఫీల్డ్‌లోని హోల్‌స్టెన్స్ అనే ఐస్‌క్రీమ్ హోటల్‌లో టోనీ ఒక్కడే వచ్చి కూర్చుని, బల్ల మీదున్న జ్యూక్‌బాక్స్ (నాణెం వేస్తే కోరిన పాట వినిపించే పెట్టె) రేకులు తిప్పుతూ పాట ఎంచుకుంటాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా దానికి కట్టిన చిన్న గంట మోగుతుంది, టోనీ తలెత్తుతాడు, లోపలికి వస్తున్న మనిషిని అతను కూర్చున్న చోటు నుంచి మనమూ చూస్తాం. భార్య కార్మెలా వస్తుంది. జాకెట్ వేసుకున్న ఓ అపరిచితుడు వస్తాడు, అతని వెనకే కొడుకు ఏజే. ఆ అపరిచితుడు కౌంటర్ దగ్గర కూర్చుని, టోనీ వైపు ఓ చూపు విసిరి, కాసేపటికి లేచి బాత్‌రూమ్‌లోకి వెళతాడు. బయట కూతురు మెడో కారు పార్క్ చేయలేక మళ్లీ మళ్లీ వెనక్కీ ముందుకీ తిప్పుతుంటుంది. ఏమీ జరగని ఈ కాసిన్ని నిమిషాల్లో, ఒక కారు రోడ్డు పక్కన సరిగ్గా ఇముడుతుందా లేదా అన్నదానికి గుండె దడదడలాడేలా చేయడం ఎంత మందికి చేతనవుతుందో నాకు తెలియదు. చివరికి మెడో పరిగెత్తుకుంటూ తలుపు దగ్గరికి వస్తుంది, గంట మోగుతుంది, టోనీ తలెత్తుతాడు. పాట మధ్యలోనే తెగిపోతుంది. తెర నల్లబడుతుంది.

ఇక్కడ మీరు గమనించవలసింది ఆ వరస. గంట, టోనీ ముఖం, టోనీకి కనిపించేది: సన్నివేశం మొదటి నుంచి మనల్ని ఈ వరసకే అలవాటు చేశారు. ఆఖరిసారి గంట మోగింది, టోనీ ముఖం కనిపించింది. ఆ తర్వాత రావలసిన మూడవది, అంటే టోనీకి కనిపించేది, ఆ నలుపే. కాబట్టి అది రెండు దృశ్యాల మధ్య వచ్చే ఖాళీ కాదు, ఫైలు చివర మిగిలిపోయిన వ్యర్థమూ కాదు. సుమారు పది సెకన్ల ఆ నిశ్శబ్దమే సన్నివేశంలోని ఆఖరి షాట్. కొన్ని ఎపిసోడ్ల ముందు సరస్సులో పడవ మీద కూర్చుని బావ బాబీ టోనీతో, అది (చావు) జరిగే క్షణంలో బహుశా మనకు ఏ శబ్దమూ వినిపించదేమోనన్న అర్థం వచ్చే మాట అంటాడు. ఆఖరి ఎపిసోడ్‌కు ముందు ఎపిసోడ్‌లో ఆ మాటను మళ్లీ గుర్తు చేస్తారు కూడా. టోనీ చనిపోయాడనే నా వర్గానికి పెద్ద ఆధారం ఇదే. బతికే ఉన్నాడనేవారికీ వారి వాదనలు ఉన్నాయి: మనిషి ఇక జీవితాంతం తలుపు చప్పుడైనప్పుడల్లా ఇలా ఉలిక్కిపడి చూస్తూ బతకవలసిందేనని ఆ నలుపు చెబుతోందని వారంటారు. ఈ రెండు వాదనలకూ ఆ నలుపు, ఆ నిశ్శబ్దం కావాలి. మీ ట్రైలర్ వచ్చి మీద పడితే రెండింటికీ చోటు ఉండదు.

ఆ తర్వాత వచ్చే క్రెడిట్లకు కూడా సంగీతం లేదు. అసలు క్రెడిట్లే లేకుండా చివరిదాకా నలుపే ఉంచాలని చేజ్ అనుకున్నారు. దర్శకుల సంఘం నుంచి మినహాయింపు దొరకలేదు కనుక పేర్లు వేయవలసి వచ్చింది. తాను ఇంకా పొడిగించాలనుకున్న నలుపును, ఆయన దక్కించుకున్నంత మేరకు కూడా మీ ప్లేయర్ ఉండనివ్వడం లేదు.

2007లో ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్న వేలాది మంది కేబుల్ పోయిందనుకుని కంగారుపడ్డారు. ఆ పొరపాటు ప్రేక్షకులది, అదీ కొన్ని క్షణాలే. పేర్లు రావడం మొదలవగానే ఆ రోజు ఏం జరిగిందో అందరికీ అర్థమైంది. ఇప్పుడు పొరబడుతున్నది ప్రేక్షకుడు కాదు, మీ ప్లేయర్. పైగా దాని పొరపాటును సరిదిద్దుకునే అవకాశం చూసేవాడికి ఉండటం లేదు. నా మేనల్లుడు ఈ సీరియల్ మొత్తం మొదటిసారి చూసి ఆఖరి ఎపిసోడ్‌కు చేరుకున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. తెర నల్లబడిందో లేదో, ఏదో పోటీ కార్యక్రమంలో జనం చప్పట్లు కొడుతూ ఊడిపడ్డారు. వాడు రిమోట్ కోసం తడుముకుంటూ, “ఏమైంది మామయ్యా, నేనేమైనా నొక్కానా?” అని అడిగాడు. వెనక్కి తిప్పి మళ్లీ చూపించాను గానీ, ఆ ముగింపును మొదటిసారి చూడటమనేది ఎవరికైనా ఒక్కసారే సాధ్యం.

ఈ విషయమై మీ సహాయ కేంద్రానికి రాసినప్పుడు, యాప్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోమని మొదట జవాబిచ్చారు. సమస్య నా యాప్‌లో లేదని వివరించాక, సెట్టింగుల్లో ఆటోప్లే ఆపుకోమన్నారు. ఆపాను. ట్రైలర్ రావడం మానేసింది గానీ తెర కుదించుకుపోవడం మానలేదు. దాని పక్కన ‘ఈ కార్యక్రమం మీకు నచ్చిందా?’ అంటూ బొటనవేలు పైకీ కిందికీ చూపే బొమ్మలు ప్రత్యక్షమవుతున్నాయి. టోనీకి ఏమైందో ఇంకా ఊపిరి బిగబట్టి ఆలోచిస్తున్న మనిషిని పట్టుకుని, నచ్చిందా లేదా తేల్చి చెప్పమనడం ఎంత అసందర్భమో నేను చెప్పనవసరం లేదు. పైగా, మొదటిసారి చూసే ప్రేక్షకుడికి రాబోయే ముగింపు ఎలాంటిదో తెలియదు కనుక ముందుగా సెట్టింగు మార్చుకోవాలని తోచే వీలే లేదు. ముందే హెచ్చరిద్దామంటే, అలా హెచ్చరించడంతోనే ముగింపు పాడవుతుంది. కాబట్టి ఈ భారాన్ని చందాదారుల మీద వేసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు.

ఇది ఈ ఒక్క సీరియల్‌కు పరిమితమైన లోపమని కూడా నేను అనుకోవడం లేదు. నేర కథల్లో పేరు పొందిన ముగింపులు చాలావరకు నిశ్శబ్దం మీదే ఆధారపడతాయి. 2008 నవంబరులో ముగిసిన ‘ది షీల్డ్’ ఆఖరి ఘట్టంలో అవినీతి పోలీసు అధికారి విక్ మ్యాకీ అందరూ వెళ్లిపోయిన ఆఫీసులో ఒంటరిగా కూర్చుంటాడు. బయట పోలీసు సైరన్లు వినిపించి కిటికీ దగ్గరికి వెళ్లి చూస్తాడు. అతని నోట ఒక్క మాట రాదు. 2022 ఆగస్టులో ముగిసిన ‘బెటర్ కాల్ సాల్’ చివర్లో నలుపు తెలుపుల జైలు గదిలో లైటర్ మంట రంగులో కనిపిస్తుంది. ఇలాంటి చోట్ల క్రెడిట్ల గుర్తు కొన్ని క్షణాలు ముందుకు జరిగినా ప్రేక్షకుడికి మిగిలేది ఒక ప్రకటన మాత్రమే.

అందువల్ల మీ సంస్థను నేను కోరేది ఇది. ‘ది సొప్రానోస్’ 86వ ఎపిసోడ్‌లో క్రెడిట్లు మొదలయ్యే చోటు అని మీరు పెట్టుకున్న గుర్తును నల్ల తెర ఆరంభం నుంచి తీసి, నిశ్శబ్దపు క్రెడిట్లు కూడా పూర్తయ్యాక పెట్టండి. ఈ గుర్తులు యంత్రమే పెడుతోందని నా అనుమానం. నల్ల తెర, చప్పుడు లేకపోవడం, ఈ రెండూ కలిస్తే యంత్రం దాన్ని ముగింపు అనుకోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. కాబట్టి ప్రతి సీరియల్ ఆఖరి ఎపిసోడ్‌నైనా ఒక మనిషి కూర్చుని చివరిదాకా చూసి గుర్తు సరిచూసే ఏర్పాటు చేయండి. ఆఖరి ఎపిసోడ్ల వరకు తెర కుదించడం, రేటింగ్ అడగడం, మరో ట్రైలర్ నడపడం చందాదారు అడగకుండానే ఆగిపోయి ఉండాలి. ఆ సౌకర్యం కావాలనుకున్నవారు దాన్ని ఆన్ చేసుకుంటారు.

నాకు చందా సొమ్ము వాపసు అక్కర్లేదు, ఉచితంగా మరో నెల పొడిగింపూ అక్కర్లేదు. దయచేసి అలాంటి జవాబు పంపవద్దు. యాప్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని కూడా దయచేసి రాయవద్దు. పైన పేర్కొన్న ఎపిసోడ్‌లో గుర్తు సరిచేశారో లేదో, చేయనట్లయితే ఎందుకు కుదరదో, ఆ ఎపిసోడ్‌ను స్వయంగా చూసిన అధికారి చేత రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. ఈ ఫిర్యాదుతో పాటు, తెర కుదించుకుపోతున్నప్పుడు తీసిన చిత్రాలను, మీ సహాయ కేంద్రంతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాల ప్రతులను జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ చందాదారు