కొండవీడు సీతాఫలాల పెద్దమ్మకి

రాత్రంతా నిద్ర లేదు. అయినా ఇది రాయకుండా పడుకోలేను.

నిన్న కార్తీక వనభోజనాలకి గుంటూరు నుంచి కొండవీడు వెళ్లాం. ఉసిరిచెట్టు కింద పూజ చేసుకుని, ముత్యాలమ్మ చెరువు చూసి వచ్చేసరికి డేరాలో సంచులు లేవు. ఫోన్లు, డబ్బు, వెండి కుందులు పోయాయి. పోతే పోనీ. నా సంచిలో మా బాబు చెవి మెషిన్ ఉంది. నీళ్ల దగ్గర తడవకూడదని నేనే తీసి డబ్బాలో పెట్టాను. వాడికి కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి లోపల పెట్టే వినికిడి పరికరం, చేయించాం. లోపల పెట్టింది ఎంత ఉన్నా, చెవి వెనక ఈ మెషిన్ లేకపోతే వాడికి చిన్న చప్పుడు కూడా తెలియదు. కొత్తది లక్షల్లో ఉంటుంది.

ఘాట్ రోడ్డు కింద సీతాఫలాలు అమ్ముకునే ఒక పెద్దమ్మ నా ఏడుపు చూసి లేచింది. "డబ్బులు, ఫోన్లు తీసుకుంటారు గానీ ఇట్టాంటియ్యి ఏం చేసుకుంటారమ్మా? దిగేదారిలో యాడో ఇసిరేసుంటారు, పదండి" అంది. గంప అక్కడే వదిలేసి, మనవణ్ణి, టార్చిలైటుని వెంటబెట్టుకుని మలుపు మలుపులోనూ ముళ్లకంపల్లోకి దిగింది. కాళ్లు గీసుకుపోయినా ఆగలేదు. బాగా పొద్దుపోయాక ఒక మలుపు కింద నా సంచి కనబడింది. డబ్బా మూత కూడా తీయలేదు.

మెషిన్ పెట్టగానే, "పిలువమ్మా, వినపడుద్దో లేదో" అని ఆమే తొందరపెట్టింది. నాకు గొంతు పెగల్లేదు. ఆమే "నాయనా!" అని పిలిచింది. వాడు ఠక్కున తిరిగాడు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. డబ్బులిస్తే చెయ్యి వెనక్కి లాక్కుంది. పైగా మిగిలిన కాయలు వాడి ఒళ్లో పోసింది. పేరు రాయొద్దంది, రాయట్లేదు. పెద్దమ్మా, నీ రుణం నేను తీర్చుకోలేను.

మావారు, అన్నయ్య, అత్తయ్యగారు ఉండనే ఉన్నారు, ఇంటివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. మేం ముందు వెళ్లిన స్టేషన్‌లో "ఇది మా లిమిట్స్ కాదు" అని పంపేశారు. 2022లో జిల్లాలు విడిపోయాక కొండవీడు పల్నాడులోకి వెళ్లింది, నిజమే. కానీ 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలంటోంది. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఫిర్యాదు కాపీ లేకపోతే సంచార్ సాథీలో, అంటే పోయిన ఫోన్లు బ్లాక్ చేయించే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, ఫోన్ బ్లాక్ చేయడం కూడా కుదరదు. చీకట్లో పిల్లాడితో ఆ స్టేషన్ నుంచి ఈ స్టేషన్‌కి తిరిగినవాళ్లకి తెలుస్తుంది ఆ బాధ. కార్తీక ఆదివారాల్లో కొండ మీదికి అంతమంది వస్తారని తెలిసి కూడా ఒక్క కానిస్టేబుల్‌నైనా పెట్టరా?

రెండో స్టేషన్‌లో మారుమాట్లాడకుండా ఫిర్యాదు రాసుకున్న రైటర్ గారికి నమస్కారాలు. బైకు లైట్లు లోయలోకి తిప్పి నిలబడిన ఫిరంగిపురం కుర్రాళ్లూ, మీక్కూడా. అయ్యో, మా బస్సు డ్రైవరు గారు! అంతసేపూ విసుక్కోకుండా ఆగారు. ఫోనిచ్చిన టీ కొట్టాయన కూడా. ఆదివారం రాత్రి షాపు తెరిచి మెషిన్ చెక్ చేసిన బ్రాడీపేట ఆడియాలజిస్టు గారూ, ఫీజు తీసుకోలేదు మీరు, రేపు వచ్చి ఇస్తాను.