పడిగె కథ బడికి రావాలి

కోయ పిల్లలు చదివే ఆశ్రమ పాఠశాలల్లో డ్రాయింగ్ పీరియడ్ ఉంటోంది కానీ, వాళ్ల వంశగాథను బొమ్మల్లో చెప్పే పడిగెకు అందులో చోటు దొరకడం లేదు. ఏజెన్సీలో నేను చూసిన ఒక బడిలో పిల్లలు బోర్డు మీది రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు నోట్‌బుక్కుల్లోకి దించుకుంటున్నారు. ఆ ఊళ్లో కొబ్బరిచెట్టే లేదు! మీ గట్టు (గోత్రం లాంటి కోయ వంశ విభాగం) వేల్పు ఎవరని అడిగితే చాలామంది పక్కవాళ్ల ముఖం చూశారు. పడిగె అంటే మూడు కోణాల గుడ్డ. దాని మీద ఆ గట్టు మూలపురుషులు, వేల్పులు బొమ్మలుగా ఉంటారు. డోలి కళాకారుడు డోలు వాయిస్తూ పాడితేనే ఆ బొమ్మలు కథవుతాయి. ఆ కథలు పుస్తకాల్లో కన్నా ఈ కళాకారుల గొంతులోనే ఎక్కువున్నాయి. 2022లో పద్మశ్రీ పొందిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య 2024లో కన్నుమూశారు. మిగిలిన పెద్దలు ఉండగానే ఐటీడీఏలు (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు) వారిని గౌరవ వేతనంతో బడికి పిలిపించాలి, డిగ్రీ అడగకూడదు. ఏ కథ చెప్పాలో గట్టు పెద్దలే నిర్ణయించాలి. పూజలందుకునే పడిగెను ప్రదర్శన వస్తువులా తరగతికి తేకూడదు. పిల్లలు విన్న కథను కొత్త గుడ్డ మీద తామే గీసి, దాని ముందు నిలబడి కోయ భాషలో చెప్పాలి. దానికి మార్కులివ్వాలి. కళను బోధనలో కలపమని జాతీయ విద్యావిధానం 2020 ఎలాగూ చెబుతోంది. భద్రాచలం, ఏటూరునాగారం ఐటీడీఏల పరిధిలో వచ్చే విద్యా సంవత్సరమే దీన్ని మొదలుపెట్టాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా